రేజరుకు చివరి నీళ్లు మంచినీళ్లే కావాలి

గడ్డం గీసుకున్నాక రేజరును (రెండంచుల బ్లేడు పెట్టి, పిడి తిప్పి బిగించే రకాన్ని) ఎలా ఉంచాలని ఎవరిని అడిగినా ఒకటే జవాబు వస్తుంది: కడిగి ఆరబెట్టాలి. సరైన మాటే. కానీ మా నెల్లూరు తీరానికి ఆ మాట సగమే సరిపోతుంది. ఇక్కడ ఎంతసేపు ఆరబెట్టామన్నదానికంటే ఏ నీళ్లతో కడిగామన్నది ముఖ్యం. ఉప్పు బోరు నీళ్లతో కడిగిన రేజరు ఆరినట్టు కనిపిస్తుంది, రాత్రికి మళ్లీ చెమరుస్తుంది. బ్లేడుకు తుప్పు పట్టేది, రేజరు మీది పూత పొక్కేది ఆ రాత్రుళ్లలోనే. అందుకే అన్నిటికంటే చివర తొలిపేది మంచినీళ్లతో తొలపాలని నా వాదన. దానికి అర గ్లాసు నీళ్లు కూడా పట్టవు.

మాది కావలి. తూర్పున తుమ్మలపెంట వైపు కాసేపు బండి నడిపితే సముద్రం. దక్షిణాన అల్లూరు మండలంలో ఇస్కపల్లి ఉప్పు కొటార్లు. సాయంత్రమయ్యేసరికి సముద్రపు గాలి ఊళ్లోకి వస్తుంది, వస్తూ వస్తూ తేమను, ఉప్పును వెంటబెట్టుకుని వస్తుంది. గేటు గొళ్లాలు, కిటికీ బందులు, మేడ మెట్ల కమ్మీలు తరచూ రంగు వేయకపోతే నిలవవు. ఇక మా వీధి బోరు నీళ్ల సంగతి చూడాలంటే కుళాయి మూతి దగ్గర కళ్లు పెడితే చాలు. చుట్టూ తెల్లటి పెచ్చు కట్టి ఉంటుంది. బకెట్ లోపల నీళ్లు నిలిచిన మట్టానికి తెల్ల చార ఉంటుంది. గీజరు కాయిల్ విప్పితే సున్నపు తొడుగు రాలుతుంది. గడ్డానికి సబ్బు ఎంత రుద్దినా నురుగు నిలవదు, పాలు విరిగినట్టు తెట్టు కడుతుంది.

తాగునీటికి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నీటి మొత్తం కాఠిన్యం (కరిగి ఉన్న సున్నం వంటి ఖనిజాల మోతాదు) లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకపోవడం మంచిది. వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు. ఉప్పులో ఉండే క్లోరైడ్లకు ఆ హద్దులు 250, 1000. ఇవి తాగే నీళ్లకు పెట్టిన హద్దులు. స్నానాలగదిలోకి వచ్చే బోరు నీళ్లను ఎవరూ పరీక్షకు పంపరు. తీరానికి దూరంగా ఉన్నవాళ్లు కూడా నిశ్చింతగా ఉండటానికి లేదు. ఉమ్మడి ప్రకాశం జిల్లా కనిగిరి ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషులున్నారు. ఆ బాధ ముందు రేజరు గురించి మాట్లాడటం చాలా చిన్న విషయమని నాకు తెలుసు. అక్కడివాళ్లు తాగడానికి డబ్బాలతో తెచ్చుకునే నీళ్లను రేజరుకు వాడమని చెప్పడానికి నాకు నోరు రాదు. వాళ్లు పట్టి పెట్టుకున్న వాననీళ్లు వాడుకోవచ్చు, అవి ఇంకా మేలు.

ఇప్పుడు ఉప్పు ఏం చేస్తుందో చెబుతాను. బ్లేడు మీద ఆరిన బోరు నీటి చుక్క తనలోని సున్నాన్ని, ఉప్పును అక్కడే వదిలి వెళ్తుంది. మామూలు ఉప్పుకు ఒక గుణం ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే అది ఆ తేమను పీల్చుకుని తనంతట తానే కరిగి ద్రవమవుతుంది. వంటింట్లో మూత సరిగా పెట్టని ఉప్పు డబ్బా వానాకాలంలో నీరు కారేది అందుకే. మా ఊళ్లో రాత్రిపూట గాలిలో తేమ ఆ మట్టాన్ని తేలికగా దాటుతుంది. అంటే పొద్దున ఫ్యాను కింద పెట్టి, గుడ్డతో అద్ది, ఎంత జాగ్రత్త పడినా, బ్లేడు మీద ఉప్పు మిగిలి ఉంటే రాత్రికి అక్కడ సన్నటి ఉప్పునీటి పొర తయారవుతుంది. తెల్లవారాక ఆరిపోతుంది. మళ్లీ రాత్రికి తయారవుతుంది. కంటికి కనిపించనంత పలుచన కాబట్టి మనం పట్టించుకోం. ఉప్పునే కడిగేస్తే ఈ చక్రం మొదలే కాదు.

"స్టెయిన్‌లెస్ స్టీలు బ్లేడు కదా, తుప్పెందుకు పడుతుంది?" అని అడుగుతారు. అన్నం తినే కంచం, మంచినీళ్ల బిందె కూడా స్టీలువే, అవి ఏళ్ల తరబడి తుప్పు పట్టవు, కాబట్టి బ్లేడూ పట్టదని నమ్మకం. ఆ రెండు ఉక్కులు ఒకటి కావు. మంచి రకం కంచంలో క్రోమియం సుమారు 18 శాతం, నికెల్ 8 శాతం ఉంటాయి. బ్లేడు ఉక్కులో క్రోమియం సుమారు 13 శాతమే, నికెల్ దాదాపు ఉండదు. పదును నిలవాలంటే ఉక్కు గట్టిగా ఉండాలి, గట్టిపడాలంటే అందులో కార్బన్ కావాలి. ఆ కార్బన్ కొంత క్రోమియంను తనతో కలిపేసుకుంటుంది. మిగిలిన క్రోమియంతోనే ఉక్కు పైన కాపలా పొర ఏర్పడాలి. ఆ పొర మామూలు నీటికి తట్టుకుంటుంది. ఉప్పులోని క్లోరైడ్ మాత్రం దాన్ని సూది మొనంత చోట్ల చీల్చుకుని లోపలికి దిగుతుంది. అసలు 1904లో కింగ్ క్యాంప్ జిలెట్‌కు పేటెంట్ వచ్చిన పలుచని బ్లేడు కార్బన్ ఉక్కుది. స్టెయిన్‌లెస్ బ్లేడ్లు జనంలోకి గట్టిగా వచ్చింది 1960ల మొదట్లో, విల్కిన్సన్ స్వోర్డ్ కంపెనీతో. ఇప్పటి బ్లేడ్ల అంచుల మీద క్రోమియం, ప్లాటినం వంటి పూతలు, జారుడు కోసం పాత్రల మీద వేసే నాన్‌స్టిక్ రకం పూత కూడా వేస్తున్నారు. మేలే జరిగింది. కానీ ఆ పూతలు అంచు వరకే. నడుమ రంధ్రాల చుట్టూ, రెండు పొట్టి చివరల దగ్గర ఉక్కు ఉక్కుగానే ఉంటుంది.

నేను చూసినంతవరకు తుప్పు మొదలయ్యేది అక్కడే. వాడిన బ్లేడును కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకుని భూతద్దంతో చూడండి. పదును అంచు ఇంకా తళతళలాడుతూ ఉంటుంది. నడుమ రంధ్రం అంచు వెంట మాత్రం ఆవగింజలో పదోవంతు కూడా లేని నారింజరంగు చుక్కలు వరసగా కనిపిస్తాయి. రేజరు పై రేకు, బ్లేడు కరుచుకుని ఉండే చోటది. అక్కడికి గాలి అందదు, ఒకసారి చేరిన నీరు బయటికి రాదు. ఆ ఇరుకులో ప్రాణవాయువు అయిపోయాక తుప్పు లోహాన్ని తినేయడం ఇంకా వేగమవుతుంది. చుక్కలున్న బ్లేడును రేజరు నుంచి తీస్తే కింది రేకు మీద దాని ఆకారంలోనే గోధుమరంగు అచ్చు పడి ఉంటుంది.

అందుకే రెండో మాట: గీసుకోవడం అయ్యాక రేజరును బిగించి ఉంచకూడదు. ముందు పిడిని అర చుట్టు వదులు చేయాలి. రెండు రేకుల నడుమ వెంట్రుక దూరేంత సందు వస్తే చాలు. అలాగే కుళాయి కింద అటూ ఇటూ తిప్పితే సబ్బు తెట్టు, తెగిన వెంట్రుకలు జారిపోతాయి. ఇది బోరు నీళ్లతోనే చేసుకోవచ్చు, ధారాళంగా చేసుకోవచ్చు. ఆ తర్వాత చిన్న గ్లాసులో ఇంట్లో తాగే క్యాన్ నీళ్లు పోసి, రేజరు తలను అందులో ముంచి నాలుగు తిప్పులు తిప్పాలి. తీసి గట్టిగా విదిలించాలి. విదిలించడమంటే గాలిలో. వాష్ బేసిన్ అంచుకు టకటకా కొట్టడం కాదు. చవక రేజర్లలో తల జింకు మిశ్రమ లోహంతో పోతపోసినది, పైన క్రోమియం పూత. ఆ దెబ్బలకు మరలు అరుగుతాయి, పూత పగులుతుంది. ఒకసారి పూత పగిలితే కింద జింకు తెల్లగా పూస్తుంది, ఇక ఆ రేజరును నిలబెట్టడం ఎవరి తరమూ కాదు.

చాలామంది రోజూ బ్లేడు ఊడదీసి తువ్వాలుతో తుడుస్తారు. ఈ అలవాటును నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. తువ్వాలు పోగులు అంచుకు తగిలితే ఆ పలుచని అంచు దెబ్బతింటుంది. 2020లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద వెంట్రుకలు గీస్తూ చూశారు. ఉక్కుకంటే 50 రెట్లు మెత్తనైన వెంట్రుక, కొన్ని పరిస్థితుల్లో వంగి పక్కనుంచి తగిలినప్పుడు, బ్లేడు అంచును పెచ్చుపెచ్చుగా రాల్చగలదని తేల్చారు. బ్లేడు మొద్దుబారడం అంటే అరగడమొక్కటే అనుకునేవాళ్లం, చిట్లడం కూడా ఉంది. వెంట్రుక గీయడానికే ఆ అంచు ఉంది కాబట్టి అది తప్పదు. తువ్వాలు దెబ్బ తప్పించుకోవచ్చు. పైగా సబ్బు అంటిన వేళ్లతో 0.1 మిల్లీమీటరు మందం ఉన్న బ్లేడును రోజూ పట్టుకోవడం చేతికి కూడా క్షేమం కాదు.

ఈ పరిశోధన చూపించి ఇంకొందరు నన్ను ఎదిరిస్తారు. అంచు చిట్లడం వల్లే పదును పోతుంటే, ఈ కడగడాలు ఆరబెట్టడాలు దేనికని. మంచి ప్రశ్న. సముద్రానికి దూరంగా, మెత్తటి నీళ్లున్న ఊళ్లో ఉండేవాళ్లకు నిజంగానే పెద్ద తేడా రాకపోవచ్చు. బ్లేడు తుప్పు పట్టకముందే మొద్దుబారిపోతుంది, పారేస్తారు. ఇక్కడ నేను కాపాడుతున్నది ముఖ్యంగా రేజరును. మా పెదనాన్న కూడా ఇదే అడిగారు. "బ్లేడు ఖరీదెంతరా, దానికింత సేవ ఎందుకు?" అన్నారు. "బ్లేడు కోసం కాదు పెదనాన్నా, మీ రేజరు కోసం" అన్నాను. ఆయన రేజరు ఇత్తడిది. పిడి మీద గళ్ల నొక్కుల్లో ఆయన బొటనవేలు ఆనే చోట క్రోమియం అరిగి పసుప్పచ్చ ఇత్తడి బయటపడింది. మరచుట్లు ఇప్పటికీ చెక్కు చెదరలేదు, బిగిస్తే బ్లేడు రెండు వైపులా సమంగా వంగుతుంది. ఆ తూకం పోతే ఒక వైపు లోతుగా తెగుతుంది, ఇంకో వైపు గీయదు. మరచుట్లలో సున్నం చేరి, కింది రేకు మీద తుప్పు అచ్చు పడి, బ్లేడు ఎత్తుపల్లాలుగా కూర్చుంటే జరిగేది అదే. ఆయన తన జీవితమంతా వాడిన వస్తువును నేనూ వాడుకోవాలంటే అర గ్లాసు మంచినీళ్లు పెద్ద ఖర్చేమీ కాదు.

తల పైకి ఉండేలా నిలబెట్టాలా, కిందికి వేలాడదీయాలా, పడుకోబెట్టాలా అన్నదాని మీద చాలా చర్చ చేస్తారు. వదులు చేసి విదిలించిన రేజరు ఎలా ఉన్నా ఆరుతుంది. ఎక్కడ ఉందన్నదే లెక్క. స్నానాలగదిలో మాత్రం ఉంచవద్దు. మన ఇళ్లలో అది ఇంట్లోకెల్లా చిన్న గది, పైన చిన్న వెంటిలేటరు, రోజంతా తడి. తేమ ఒక్కటే కాదు, ఇంకో పెద్ద శత్రువు ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. సైకిలు మీద "యాసిడ్, ఫినాయిల్" అని కేక వేసుకుంటూ వీధుల్లో తెచ్చి అమ్ముతారే, ఆ యాసిడ్. బోరు నీళ్ల సున్నపు మరకలు పోవాలని ఆదివారం పూట టైల్స్ మీద పోసి రుద్దుతాం. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మన ముక్కును మండించే ఆవిరే తడిగా ఉన్న ప్రతి లోహం మీదా వాలుతుంది. స్టీలు కుళాయిలు, తువ్వాలు తగిలించే కమ్మీ, అద్దం పక్క మేకులు మచ్చలు పడేది దాని వల్లే. అల్మారాలోని రేజరును అది వదిలిపెడుతుందా? అంతకుముందు వారమంతా చేసిన జాగ్రత్త ఆ ఒక్క పూటతో పోతుంది. రేజరును బయట హాల్లో ఉన్న వాష్ బేసిన్ పైన, పిల్లల చేతికి అందని ఎత్తున, గాలి ఆడే చోట పెట్టుకుంటే మంచిది. వెదురు ముక్కో, కొయ్య పీటో, తీగ స్టాండో, ఏదైనా ఫరవాలేదు. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా మాత్రం వద్దు. తడి రేజరును అందులో పెట్టి మూయడమంటే తేమను లోపల పెట్టి తాళం వేయడమే. సింహపురి ఎక్స్‌ప్రెస్‌కు హైదరాబాదు వెళ్లేటప్పుడు డబ్బా తప్పదు. అప్పుడు ముందు రోజు గీసుకుని, రాత్రంతా ఆరనిచ్చి, బ్లేడు తీసేసి, ఒట్టి రేజరును పెట్టుకుంటే సరి.

పటిక గురించి ఒక మాట. గీసుకున్నాక చెంపలకు పటిక రుద్దుకోవడం మంచి అలవాటే, చిన్న గాట్ల నుంచి కారే రక్తం ఆగుతుంది. కానీ చాలా ఇళ్లలో తడి పటిక ముక్క, రేజరు ఒకే గిన్నెలో ఉంటాయి. పటిక నీళ్లలో కరిగితే ఆమ్ల గుణం వస్తుంది. ఆ నీళ్లలో రేజరు తల ఆనుకుని ఉంటే ఎంత మంచి పూతైనా మసకబారుతుంది. రెండిటికీ రెండు చోట్లు ఉండాలి.

ఏడాదిలో మిగతా నెలలు ఒక ఎత్తు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒక ఎత్తు. మాకు ఏడాది వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాలతో ఆ మూడు నెలల్లోనే పడుతుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను నెల్లూరు తీరం వెంట పైకి సాగి 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, కరెంటు లేక, ఫ్యాను లేక, గోడలు సైతం చెమ్మగిల్లాయి. సరిగ్గా ఆ కాలంలోనే మా ప్రాంతంలో ఎందరో అయ్యప్ప మాల వేసుకుంటారు. మండలం అంటే 41 రోజులు గడ్డం ముట్టుకోరు. రేజరు ఏడాదిలోకెల్లా తడి కాలంలో, చివరిసారి వాడిన బ్లేడుతోనే, ఎవరూ చూడకుండా పడి ఉంటుంది. శబరిమల వెళ్లి వచ్చి మాల తీసి చూస్తే బ్లేడు రేకుకు అతుక్కుపోయి ఉంటుంది. ఇది నేను బంధువుల ఇళ్లలో పదే పదే చూశాను.

మాల వేసుకునే ముందు రోజు కాస్త సమయం కేటాయించండి. బ్లేడు తీసేయాలి. రేజరును పూర్తిగా విప్పి, పాత టూత్ బ్రష్షుతో, వంట గిన్నెల సబ్బుతో ప్రతి సందూ తోమాలి. సున్నం పట్టి ఉంటే నిమ్మరసం కలిపిన నీళ్లలో కొన్ని నిమిషాలు ఉంచితే మెత్తబడుతుంది, బ్రష్షుకు ఊడివస్తుంది. పూత ఎక్కడైనా లేచిపోయి ఉంటే నిమ్మ కూడా వద్దు, సబ్బు చాలు. చింతపండు, పీచు, బూడిద రాగి చెంబులకు బాగుంటాయి, కానీ పీచు, బూడిద క్రోమియం పూతను గీరేస్తాయి. తోమాక మంచినీళ్లతో తొలిపి, ఒక పూట ఆరనిచ్చి, మరచుట్లకు కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క రాయాలి. కొబ్బరినూనె వాడేవాళ్లున్నారు. అది చలికాలపు తెల్లవారుజాముల్లో గడ్డకడుతుంది. ఆ తర్వాత విడి భాగాలను పొడి గుడ్డలో చుట్టి బట్టల బీరువాలో పెట్టేయవచ్చు. రోజూ వాడుకునే రేజరుకు నూనె అక్కర్లేదన్నది నా అభిప్రాయం. రాసిన నూనె మర్నాడు సబ్బుతో కలిసి మళ్లీ తెట్టే అవుతుంది. స్పిరిట్‌లో ముంచడం కూడా అంతే. నీరు తొందరగా ఆరడానికి పనికొస్తుంది, కానీ సున్నాన్నీ ఉప్పునూ అది కరిగించలేదు. మంచినీళ్లతో తొలపకుండా స్పిరిట్ ఒక్కటే వాడితే ఉప్పు ఉన్నచోటే ఉంటుంది.

స్పిరిట్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. స్పిరిట్‌లో ముంచాం కదా అని తండ్రీ కొడుకులు, అన్నదమ్ములు ఒకే బ్లేడుతో గీసుకోవడం ఇప్పటికీ ఉంది. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట, ఎండిన రక్తపు మరకలో కూడా కనీసం 7 రోజులు బతికి ఉండగలదు. గీసుకున్నప్పుడు చిన్న గాట్లు పడటం మనకే తెలియదు. సెలూన్లలో బ్లేడును కాగితంలోనే సగానికి విరిచి, కొత్త ముక్కను మన కళ్ల ముందే కత్తికి తొడుగుతున్నారు. బయట అంత జాగ్రత్త కోరుకునేవాళ్లం ఇంట్లో ఎందుకు వదిలేస్తున్నాం? రేజరు పిడి వారసత్వంగా రావచ్చు, బ్లేడు మాత్రం ఒక్కరిదే. తుప్పు పట్టిన బ్లేడు తెగితే ధనుర్వాతం వస్తుందన్న భయం కూడా సరిచేసుకోవాలి. ధనుర్వాతం తెచ్చేది తుప్పు కాదు, మట్టిలోనూ పేడలోనూ ఉండే సూక్ష్మజీవి. టీకా వేయించుకుని ఎంతకాలమైందో చూసుకోవడం దానికి రక్ష. తుప్పు చుక్క పడిన బ్లేడును పారేయాల్సింది మాత్రం నిజమే, ఆ గరుకు చర్మాన్ని రేపుతుంది.

పారేయడం ఎలాగన్నది మనం అందరికంటే తక్కువ ఆలోచించే విషయం. వెనకటి ఇళ్లలో వాడిన బ్లేడు చూరులోనో, తలుపు చట్రం సందులోనో దూర్చేవారు. దారం తెంపడానికి, పెన్సిలు చెక్కడానికి పనికొచ్చేది. ఇప్పుడు చెత్త సంచిలో వేస్తున్నాం. ఆ సంచిని పొద్దున్నే చేత్తో విప్పి తడి, పొడి వేరుచేసే పారిశుధ్య కార్మికురాలికి అందులో బ్లేడు ఉందని ఎలా తెలుస్తుంది? చేతికి తొడుగులు ఉన్నా పలుచనివే, అవి బ్లేడును ఆపవు. మా ఇంట్లో ఖాళీ పాలపొడి రేకు డబ్బా ఒకటి ఉంది. దాని మూత చుట్టూ టేపు వేసి మూసి, పైన బ్లేడు పట్టేంత సన్నని చీలిక పెట్టాను. వాడేసిన బ్లేడు నేరుగా అందులోకే పోతుంది. పెదనాన్న బ్లేడ్లు కూడా అందులోకే. నిండడానికి ఏళ్లు పడుతుంది. నిండాక ఆ చీలిక మీద కూడా టేపు వేసి, డబ్బా మీద "బ్లేడ్లు" అని పెద్ద అక్షరాలతో రాసి, చెత్త బండి వెంట వచ్చే ఆమెకు లోపల ఏముందో చెప్పి విడిగా చేతికివ్వాలి.